జిగురులో బెల్లం నీళ్ళు

మా బాత్రూం గోడకి టైల్స్ అతికించే జిగురులో మా అన్నయ్య బెల్లం నీళ్ళు పోసేడు.

తెలీక చేసేడు పాపం అని ఎవరైనా అనబోతే, ముందు ఇది వినాలి. ఆ పొద్దున్న నా భార్య సువార్తని మోకాళ్ళ డాక్టరుకి చూపించడానికి అనకాపల్లి బయల్దేరుతున్నాను. టైల్స్ మేస్త్రి అప్పలరాజుకి జిగురు కలిపి అందించే మనిషి మాడుగులలో ఎవరిదో పెళ్ళని రాలేదు. "నేనున్నాను కదరా, నేను కలిపి అందిస్తాను, నువ్వెళ్ళు" అన్నాడు అన్నయ్య. మా పక్క వాటాలోనే ఉంటాడాయన. ఈ వయసులోనూ చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోలేడు. సరేనని, జిగురు పొడి సంచిని వాకిట్లోకి లాక్కొచ్చి, దాని మీద రాసున్నది ఒక్కొక్క ముక్కే పైకి చదివి వినిపించేను. ముందు బకెట్లో మంచినీళ్ళు పొయ్యాలి, ఆ నీళ్ళలోకి పొడి జల్లుకోవాలి, అంతేగాని పొడి పోసి దాని నెత్తిన నీళ్ళు గుమ్మరించకూడదు. ఉండల్లేకుండా కలిపి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేసి, మళ్ళీ ఒకసారి కలిపి అప్పుడే గోడకెక్కించాలి. బిగుసుకోవడం మొదలెట్టేక ఇంకాసిని నీళ్ళు పోసి మెత్తబరచకూడదు, పారెయ్యాలి. నీళ్ళూ పొడీ తప్ప మూడో వస్తువు అందులో పడకూడదు. అర్థమైందా అన్నయ్యా అంటే తలూపేడు. ఆ తలూపు చూసుకునే నేను బస్సెక్కేను.

నేను బడికెళ్ళింది బహు తక్కువ. చోడవరంలో సైకిలు షాపు పెట్టుకుని, చక్రాలు బిగిస్తూ, గ్రంథాలయంలో తెచ్చుకున్న పుస్తకాలూ, కొట్లో పొట్లాలు కట్టిచ్చిన కాయితాలూ చదివి, నా అంతట నేను నేర్చుకున్నవాణ్ణి. రాసున్న మాటని రాసున్నట్టు మన్నించడం నాకు అలవాటు. పైగా జన్మంతా పంక్చర్లు వేసినవాణ్ణి. సొల్యూషన్ రాసేక అది ఆరేదాకా ఆగకుండా పట్టీ అంటించేవాడి ట్యూబు వీధి చివరికి వెళ్ళేసరికి నిట్టూరుస్తుందని నాకు తెలుసు. జిగురు విషయంలో నాకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి గోడ కిందనుంచి పైదాకా తెల్లటి టైల్స్‌తో మెరిసిపోతోంది. సువార్త గుమ్మం పట్టుకుని నిలబడి "ఎంత బాగుందయ్యా" అంది. నాకు మాత్రం ముందు ముక్కుకి తగిలింది. తడి సిమెంటు వాసన, దాని కింద ఇంకో వాసన, ఎక్కడో ఎప్పుడో పోగొట్టుకున్నది. తొంగి చూస్తే కలిపిన బకెట్టు పక్కన ఇత్తడి చెంబు, చెంబు అడుగున నల్లటి నీళ్ళు, చుట్టూ చీమలు.

"ఏటన్నయ్యా ఇది?"

"బెల్లం నీళ్ళురా. ఏటలా గుడ్లు మిటకరిస్తావు? నాన్న పోసేవోడు కాదేటి?"

అప్పలరాజు తాపీ కడుక్కుంటూ నా వైపు చూసి చూడకుండా అన్నాడు. "నేను సెప్పేనండి బాబూ, గమ్ములో ఏటీ కలపకూడదని. నీ వయసెంత, నా వయసెంతని ఒంటికాలి మీద లెగిసేరు. నేను గోడకేసి తిరిగుంటాను గదండీ, ఎనకాల ఆయన ఏ బకెట్లో పోసేరో, ఏ బకెట్లో పొయ్యలేదో నాకెలా తెలుస్తాది?"

చదివేవాళ్ళకి ఇందులో ప్రమాదం ఏమిటో తెలియాలి గనక చెబుతున్నాను. టైల్స్ జిగురు పొడిలో ముఖ్యమైన సరుకు సిమెంటే. సిమెంటుకి తీపి పడదు. కాస్త పంచదారో బెల్లమో తగిలిందంటే అది గట్టిపడడం మరిచిపోతుంది. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల పెరుగన్నంలా ఉండిపోతుంది. సువార్త నిలబడి స్నానం చెయ్యలేదు. ఆ గోడకే ఆనుకుని, కుళాయి కింద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఆ టైల్స్ పెద్దవి, బరువైనవి, విరిగితే అంచులు కత్తులు. ఏ వరసల్లో బెల్లం నీళ్ళు పడ్డాయో తెలిస్తే అవి మాత్రం పీకించి, మిగతావి ఉంచుకోవచ్చు. అది తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఏ వరసన్నయ్యా అంటే వీధిలోకి చూసేడు. మళ్ళీ అడిగితే, "నాన్న పోసేవోడు" అన్నాడు. మూడోసారి అడిగితే లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఔను, నాన్న పోసేవాడు. అది కాదనేవాణ్ణి కాను.

మా నాన్న సున్నం మేస్త్రి. మా ఇంటి వెనక దిబ్బ మీద సున్నం గానుగ ఉండేది. గుండ్రటి రాతి కాలవ, అందులో దొర్లే మనిషెత్తు రాతి చక్రం, ఆ చక్రాన్ని లాగుతూ తిరిగిన చోటే తిరిగే ముసలి ఎద్దు. కాల్చిన సున్నపురాయిని గోతిలో వేసి నీళ్ళు పోస్తే అది పాములా బుసలు కొడుతూ, ఉడికి, పగిలి, తెల్లటి ఆవిరి కక్కేది. ఆ ఆవిరి దగ్గరకి వెళ్తే కళ్ళు పోతాయని అమ్మ మమ్మల్ని దొడ్లోకి తోలి తడిక గొళ్ళెం పెట్టేస్తే, ఆ తడిక సందుల్లోంచే నేనూ అన్నయ్యా ఒకరి తల మీంచి ఒకరం చూసేవాళ్ళం. చల్లారిన సున్నాన్ని ఇసకతో కలిపి గానుగ కాలవలో వేసి, ఎద్దు తిరుగుతూ ఉంటే, కిర్రు కిర్రుమని రాయి రాయిని రాసుకునే చప్పుడు మా ఇంట్లో గడియారంలాగ పొద్దస్తమానం వినిపించేది. అది ఆగితే అమ్మ వంట మధ్యలో తలెత్తి, "ఏటయ్యిందో సూడండర్రా" అనేది. ఎద్దుకి జబ్బు చేసిందేమో, నాన్న పడిపోయేడేమో అని ఆవిడ భయం. మా ఇంట్లో చప్పుడంటే నిశ్చింత, నిశ్శబ్దం అంటే గుండె దడ.

ఇక బెల్లం నీళ్ళ సంగతి. వసారాలో మూలన ఒక పెద్ద కుండ ఉండేది. దాంట్లో చితక్కొట్టిన కరక్కాయలూ, నల్లబెల్లం ముక్కలూ వేసి నీళ్ళు పోసి మూత పెట్టి నాననిచ్చేవారు. కొన్నాళ్ళకి అది పొంగి, నురుగు కట్టి, పులుపూ తీపీ వగరూ కలిసిన ఒక వాసన ఇల్లంతా కమ్ముకునేది. బట్టలకీ, తలగడలకీ, బడికి తీసుకెళ్ళే పలకకీ అదే వాసన. కందిరీగలు కుండ చుట్టూ గిరికీలు కొట్టేవి. నాన్న రోజూ మూత తీసి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, పక్కకి ఉమ్మేసి "ఇంకా రాలేదు" అనేవాడు. ఆయన "వచ్చింది" అనేదాకా పని మొదలయ్యేది కాదు. ఇల్లు కట్టించుకునే ఆసామి ఎంత పెద్దవాడైనా, ముహూర్తం దగ్గర పడిందని ఎన్నిసార్లు మనిషిని పంపినా, మా నాన్న నాలిక ఒప్పుకోవలసిందే. ఆ నీళ్ళు పోసి నూరిన సున్నంతో పూసిన గోడని ఆడవాళ్ళు గుండ్రాళ్ళతో రుద్ది రుద్ది నునుపు తేల్చేవారు. ఎండాకాలం మధ్యాహ్నాలు మేం పిల్లలం ఒంటి మీద చొక్కా విప్పేసి ఆ గోడకి బుగ్గలూ పొట్టలూ ఆనించి, చల్లదనం అయిపోగానే పక్కకి జరిగి, మళ్ళీ ఇంకాస్త జరిగి, గది చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాళ్ళం.

చెరకు కాలం వస్తే ఇంకో లోకం. పొలాల్లో బెల్లం వండే పాకల నుంచి పిప్పి పొగ సన్నగా లేచి, పొద్దున్నపూట మంచుతో కలిసి రోడ్డు మీద తీయగా పరుచుకునేది. నాన్న నల్లబెల్లం కోసం పాకల వెంట తిరిగేటప్పుడు మమ్మల్ని కూడా తీసుకెళ్ళేవాడు. మరుగుతున్న పెనంలోకి గుడ్డలో మూటగట్టిన చిలగడదుంపలు దింపి, ఉడికేక తీసి, తాటాకు దొన్నెలో వేసిస్తే, వేళ్ళు కాలుతున్నా ఆగలేక ఊదుకుంటూ తినేవాళ్ళం. దుంప లోపలిదాకా పాకం పీల్చుకుని ఎర్రగా, గాజులా ఉండేది. వండే మనిషి గరిటె పైకెత్తి తీగ చూసేవాడు. పాకం ఒక్క క్షణం ముదిరిందా, అచ్చు కట్టదు, ఒక్క క్షణం లేతయిందా, నిలవుండదు. అందరూ మాటలు ఆపేసి ఆ గరిటె కేసి చూసేవారు. నేను పెరిగిన చోట పెద్దవాళ్ళందరూ ఎప్పుడూ ఏదో ఒకటి గట్టిపడుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండేవారని ఇప్పుడనిపిస్తుంది.

మాది క్రైస్తవ కుటుంబం. క్రిస్మస్ ముందు వారాలు నాన్నకి ఊపిరాడేది కాదు. పేటలో ప్రతి ఇంటికీ వెల్ల వెయ్యాలి, కాస్త నీలిమందు కలిపి వేస్తే గోడలు పొద్దుటెండలో పాల మీగడలా కనిపించేవి. అమ్మ కొత్త బెల్లంతో అరిసెలకి పాకం పడుతూ, పిండి అంటిన చేతులతోనే మమ్మల్ని అదిలిస్తుండేది. రంగుకాయితాల నక్షత్రం వెదురు బద్దలతో కట్టడం అన్నయ్య పని, దానికి మైదా జిగురు ఉడికించడం నాది. నాన్నమ్మ అరుగు మీద అడ్డచుట్ట కాల్చుకుంటూ ఇదంతా పర్యవేక్షించేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకునే చుట్ట అది. పాస్టరుగారు వీధి మలుపు తిరిగేరంటే కొంగు అడ్డం పెట్టుకుని, ఆయన ఏం చెప్పినా తలూపుతూ, ముక్కులోంచి సన్నగా పొగ వదిలేది. "అమ్మా, చుట్ట మానెయ్యాలమ్మా, శరీరం దేవుని ఆలయం" అని ఆయన అంటే, ఆయన వెళ్ళేదాకా ఆగి, "ఆలయానికి పొగ ఎయ్యరేటి?" అనేది.

ఒక ఏడాది మా ప్రార్థన మందిరానికి ముందు గోడ కొత్తగా కట్టేరు. పైపూతకి సున్నం వద్దు, సిమెంటు తెప్పిద్దాం అని సంఘపెద్దలు అనుకుని, విశాఖపట్నం నుంచి లారీ మీద సిమెంటు బస్తాలు దింపించేరు. నాన్న బస్తా విప్పి, గుప్పెడు పొడి తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసేడు. ఏ వాసనా లేదు. దీన్ని దేంతో కలపాలంటే ఉత్త నీళ్ళతో అన్నారు.

"ఉత్త నీళ్ళతో ఏటి అతుక్కుంటాది? పిడక కూడా ఊక కలపందే నిలబడదు" అని నాన్న నవ్వేడు.

ఆయన ఎవరినీ మోసం చెయ్యలేదు, ఏ సరుకులోనూ చెయ్యి పెట్టలేదు. ఉన్నదానికి ఇంకాస్త మంచి చేద్దామనుకున్నాడు, అంతే. మామూలుగా వాడే నల్లబెల్లం కాదు, దేవుని మందిరం గదా అని బంగారం రంగు బెల్లం తెచ్చి, మామూలుకన్నా చిక్కగా నానబెట్టి, నాలిక మీద పెట్టుకుని "వచ్చింది" అని, ధారగా సిమెంటులో పోసేడు. గోడంతా పూసేక చూస్తే అద్దంలా ఉంది. అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్న నాన్న వెళ్ళి బొటనవేలు నొక్కి చూసేడు. దిగిపోయింది. ఆ మర్నాడూ వెళ్ళి నొక్కేడు. దిగిపోయింది. మంచు పట్టిందన్నాడు, గోనెలు కప్పేడు. ఎండ చాల్లేదన్నాడు, గోనెలు తీసేడు. ఆయన వెనకాలే అన్నయ్యా, అన్నయ్య వెనకాల నేనూ వెళ్ళి, ఆయన చూడనప్పుడు మేమూ వేళ్ళు పెట్టి చూసేవాళ్ళం, వేళ్ళకి తడి అంటేది. గోడ మీదికి చీమలు ఎక్కడం మొదలెట్టేయి. క్రిస్మస్ దగ్గర పడుతోంది. ఇంట్లో అరిసెలు వేగుతున్నాయి గాని నాన్న ముట్టుకోలేదు. అన్నం దగ్గర కూర్చుని కంచం కేసి చూసేవాడు. ఆ కొద్ది రోజుల్లో మా ఇంట్లో ఎవరూ గట్టిగా అడుగు కూడా వెయ్యలేదు, మేం అడుగేస్తే అక్కడ గోడ జారిపోతుందేమో అన్నట్టు.

క్రిస్మస్ పొద్దున్న మందిరం నిండిపోయింది. రంగుకాయితాల తోరణాలు, కొత్తబట్టల గంజి వాసన, చామంతి దండలు. నాన్నమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన, ఆ కొత్త గోడ వారనే చాప మీద కూర్చుంది. మొదటి పాట అందుకున్నారు. నేను పాడలేదు, నా కళ్ళు గోడ మీదే ఉన్నాయి. రెండో పాట దగ్గర నాన్నమ్మకి చుట్ట మీదికి మనసు పోయి, మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లిగా లేచి, కొంగు సర్దుకుని బయటికెళ్ళింది. ఆవిడ గుమ్మం దాటిందో లేదో, ఒక పెద్ద పెళ్ళ గోడనుంచి విడిపోయి, చప్పుడు కూడా పెద్దగా చెయ్యకుండా, మెత్తగా ఆ చాప మీద పడింది.

పాట ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ తరవాత ఆ ముసలావిడ చుట్ట గురించి పాస్టరుగారు ఇంకెప్పుడూ నోరెత్తలేదు, అది మాత్రం నిజం. కానీ నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుండేది నాన్న. ఆయన జనంలోంచి లేచి వచ్చి, కొత్త తువ్వాలు భుజం మీంచి తీసి పరిచి, ఆ పెళ్ళల్ని ఒక్కొక్కటే ఏరి అందులో వేసుకున్నాడు. ఎవరైనా ఏదైనా అని ఉంటే బాగుండేది. తరవాత ఆయన సిమెంటు ముట్టలేదు. సున్నం పనులు వాటంతటవే తగ్గిపోయేయి. చెరకు కాలంలో పంచదార ఫ్యాక్టరీ దగ్గర బళ్ళు దింపడానికి వెళ్ళేవాడు. వసారాలో కుండ బోర్లించేసింది అమ్మ. మా ఇంట్లో ఆ గోడ మాట ఎవరమూ ఎత్తలేదు. "ఇసకలో మట్టుంది, అందికే పడిపోయింది" అని మాత్రం అన్నయ్య, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. అప్పటికే మీసాలొస్తున్న గుంటడు. ఇసక గురించి ఎవరైనా కాదంటే కొట్లాటకి కూడా దిగేవాడు.

చాలా ఏళ్ళకి, నాన్న పోయేక, నేను గ్రంథాలయంలో ఇళ్ళ నిర్మాణం మీద ఒక పాత పుస్తకం చదువుతుంటే అందులో ఆ మాట కనిపించింది. సున్నానికి బలమిచ్చే తీపి సిమెంటుకి విషమని. షాపు మూసేసి, సైకిలు తొక్కుకుంటూ అన్నయ్య దగ్గరకి వెళ్ళేను. నాకు ఆ రోజు సంతోషమేసిందనే చెప్పాలి. మా నాన్నకి పని రాకపోవడం కాదు, ఎవరూ చెప్పకపోవడం. అన్నయ్య అంతా విని, "ఆ పుస్తకం రాసినోడు మన నాన్న సెయ్యి సూసేడేటి?" అన్నాడు. ఇసకలో మట్టే, అన్నాడు. అప్పట్నుంచీ ఊళ్ళో ఏ ఇల్లు లేచినా మా ఇద్దరికీ ఇదే తగువు. నేను పుస్తకం అంటాను, ఆయన నాన్న అంటాడు. పక్కింటివాళ్ళు కుర్చీలు వేసుకుని వినేవారు.

ఆ తగువు మాటల్లో ఉన్నంతకాలం నేను సహించేను. ఇప్పుడది నా భార్య తల మీదికొచ్చింది. ఆయనకి నాన్న మీద అంత భక్తి ఉంటే, తన వాటాలో తన గోడకి పోసుకోవచ్చు. నా గోడెందుకు? నేను చదివి వినిపించి మరీ వెళ్ళినందుకా?

బాత్రూంలోకి సువార్తని వెళ్ళనివ్వడం మానేసేను. దొడ్లో తడిక కట్టి, రాతి మీద స్టూలు వేసేను. ఆ రాయి పాకుడు పట్టి జారుతుంది. ఆవిడ చేతికర్రతో నడిచేటప్పుడు నా ప్రాణం నా దగ్గర ఉండదు. తడిక ఇవతల నిలబడి, "సువార్తా, ఉన్నావా?" అంటాను. "ఉన్నానయ్యా, ఎక్కడికి పోతాను, పరలోకానికా?" అంటుంది. కాసేపటికి చప్పుడు లేకపోతే మళ్ళీ పిలుస్తాను. "మీ మావయ్యగారి గోడ వాళ్ళమ్మ మీదే పడలేకపోయింది, బావగారి గోడ నా మీద పడతాదేటి? మీ అన్నదమ్ముల బెల్లం తగువు తేలేసరికి నాకు నీళ్ళు తోడుకునే ఓపిక కూడా ఉండదు" అని దులిపింది ఒకరోజు. మా మావయ్యగారు కాదే, మీ మావయ్యగారు, మా నాన్న అని సర్దబోతే, "ఎవరైతేనేటి, చలేస్తంది" అంది.

పొద్దున్నే లేచి టైల్స్‌ని వేలి కణుపుతో కొట్టి చూసేవాణ్ణి. లోపల డొల్లుంటే బోలు చప్పుడొస్తుందని తెలుసు. ఒక టైలు దగ్గర గట్టిగా పలికినట్టు, కాసేపాగి అదే టైలు డొల్లగా పలికినట్టు. నా చెవులు పాతబడ్డాయో, నా భయమే పలుకుతోందో తెలియలేదు. అప్పలరాజుని పిలిపిస్తే ఆయనా కొట్టి చూసి, "ఇప్పుడు బాగానే ఉందండి. అయితే సెప్పలేం. ఆయన్నే అడగండి" అన్నాడు. ఆయన్నే అడిగేను. ఆదివారం ఆరాధన అయ్యేక మెట్ల మీద అడిగేను, టీ దుకాణం దగ్గర అడిగేను, దొడ్డి గోడ మీంచి అడిగేను. అన్నయ్య నన్ను చూడగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. మజ్జిగ కావలిస్తే సువార్తనే పిలిచి అడిగేవాడు, ఆవిడ మోకాలెలా ఉందని కూడా అడిగేవాడు. నేను పక్కనుంటే మాత్రం మూగనోము.

గానుగ ఉన్న దిబ్బ ఇప్పుడు లేదు. చదును చేసి కొట్లు కట్టేరు, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు సరిగ్గా ఎద్దు తిరిగిన చోటే ఉంది. రాతి చక్రం ఆటోలు ఆగేచోట సగం భూమిలోకి దిగి పడుంది, దాని మీద కూర్చుని జనం అనకాపల్లి ఆటో కోసం చూస్తారు. పాత మందిరం పడగొట్టి స్లాబు వేసి కట్టేరు. బుగ్గ ఆనిస్తే చల్లగా ఉండే గోడ ఊళ్ళో ఎక్కడా మిగల్లేదు, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని "ఇంకా రాలేదు" అని పెద్ద ఆసామిని వెనక్కి పంపగలిగే మనిషి అసలే లేడు. సంచి మీద రాసున్నది చదవడమే ఇప్పటి విద్య, ఆ విద్య నాకుంది. అయినా నా ఇంట్లో నా భార్య స్నానం చెయ్యడానికి చోటు లేకుండా పోయింది.

చివరికి మొత్తం పీకించెయ్యడానికే నిశ్చయించేను. పొద్దున్నే అప్పలరాజు సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చేడు. అన్ని టైల్స్ కొత్తవి, ఒక్కటైనా పగలకుండా రాదు. సువార్త గుమ్మంలో కూర్చుని, చూడలేక తల తిప్పుకుంది. పైవరస దగ్గర్నుంచి మొదలెట్టమన్నాను. అప్పలరాజు బల్ల ఎక్కి, ఉలిని టైలు అంచున ఆనించి, నా వైపు మరొక్కసారి చూసి, సుత్తి ఎత్తేడు. ఆ దెబ్బ ఇంకా పడనే లేదు, పక్క వాటా తలుపు తెరుచుకుని అన్నయ్య లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చేసేడు. నన్ను చూడలేదు. గుమ్మంలో సువార్త పక్కన నిలబడి, గోడకేసి చూస్తూ, నేను అడిగిన ప్రశ్నకి అప్పుడు జవాబు చెప్పేడు:

"పై వరసలు ముట్టుకోకురా. బెల్లం నీళ్ళు కిందన, నిలబడితే నా నడుం దాకానే పోసేను. స్టూలు మీద నేనే కూకుని సూసేను, సువార్త తల ఎంతవరకొస్తాదో. అక్కడ్నించీ పైకి నీ సంచి మీద రాసున్నట్టే, ఉత్త నీళ్ళతో కలిపేను. నాన్న మాట మీద నాకు నమ్మకమేరా. గానీ ఈ పిల్ల తలకాడికొచ్చేసరికి సెయ్యి రాలేదు."